బుధవారమా, గురువారమా

నాగమల్లేశ్వరి కూర్చుని భోంచేయగా పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు చూశానంటాడు ఆమె భర్త రఘు. ఆ తర్వాత ఆ దృశ్యం ఎవరికీ దొరకలేదు. కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడి ఒక చేత్తో పెరుగన్నం, ఇంకో చేత్తో ఫోను. తింటూనే డిష్‌వాషర్ తలుపు మోకాలితో మూస్తుంది. ఫోన్లో మాట్లాడాలంటే అపార్ట్‌మెంట్ చుట్టూ నడవాలి. సినిమాకి తీసుకెళ్తే విశ్రాంతికి ముందే కారు ఎటునుంచి తీయాలో ఆలోచిస్తుంది.

సొంతూరు చీరాల. అమెరికాలో మొదట దిగిన పార్సిప్పనీలో, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఖాళీగా ఉన్న రోజుల్లో కార్పెట్‌ని వాక్యూమ్ చేసి చేసి అరగదీసింది. తర్వాత ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసుకునే సొంత హెచ్-వన్ వీసా వచ్చింది, హైవే మీద డ్రైవింగ్ వచ్చింది. ఇప్పుడు మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో కాంట్రాక్టర్. వలస మనిషిని వేళ్ళు తెగిన మొక్కను చేస్తుందని మైకు పట్టుకుని చెప్పే పెద్దమనుషులు ప్రతి తెలుగు సభలోనూ ఇద్దరైనా ఉంటారు. మల్లేశ్వరికి ఆ బాధ ఎప్పుడూ కలగలేదు. కొత్త ఊళ్ళో దిగగానే ఆమె అడిగేవి రెండే: పార్కింగ్ ఎక్కడ, కరివేపాకు ఎక్కడ.

ఆమె ఉద్యోగం గురించి కూతురు కృతి ఒకసారి స్కూల్లో "మై మామ్ మూవ్స్ స్టఫ్" అని చెప్పింది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఒకరు రాసిన ప్రోగ్రామును వాళ్ళ లాప్‌టాప్ మీంచి తీసి టెస్టింగ్ మెషిన్ మీద పెట్టాలి. అక్కడ నడిస్తే అసలు సర్వర్ మీదికి, అంటే జనం నిజంగా వాడే చోటికి చేర్చాలి. ఒకే ప్రోగ్రాము, మూడిళ్ళ కాపురం. ఒక ఇంట్లో లక్షణంగా నడిచింది ఇంకో ఇంట్లో మొండికేస్తుంది. "నా దగ్గర పనిచేస్తోంది" అన్న మాట రోజుకెన్నిసార్లు వింటుందో లెక్కలేదు. ఆ మాటన్నవాణ్ణి చూస్తే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "అయితే నీ లాప్‌టాప్‌నే కస్టమర్‌కి పంపించు" అంటుంది.

ఆఫీసు చాలదన్నట్టు ఊళ్ళో తెలుగు సంఘం వెబ్‌సైటు కూడా ఆమె నెత్తినే ఉంది. అందులో జనం నిజంగా చూసేది ఒకటే పేజీ. ఏ రోజు ఏ తిథి, ఏకాదశి ఎప్పుడు, ఎవరింట్లో తద్దినం ఏ తేదీన పడుతుంది, అన్నీ డెట్రాయిట్ సూర్యుణ్ణి బట్టి లెక్కగట్టి చెప్పే పేజీ. పోయినవాళ్ళ వివరాలు ఒకసారి ఇస్తే ఏటా తేదీ అదే పంపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ లెక్క రాసింది మల్లేశ్వరే. టెస్టింగ్‌కి ఫణి బేస్‌మెంట్‌లో ఒక పాత కంప్యూటరుంది. ఫణిది వరంగల్. మల్లేశ్వరిని అక్కా అంటాడు, చెప్పిన పనిలో సగం చేస్తాడు, ఆ సగం మాత్రం శుభ్రంగా చేస్తాడు.

సంఘానికి పెద్ద రామమోహనరావు. డెబ్భైలలో అమెరికా వచ్చి, కార్ల కంపెనీలో బ్రేకుల టెస్టింగ్ చూసి రిటైరైన ఇంజనీరు. పేజీ ఉండాలని పట్టుబట్టింది ఆయనే. ఆయన భార్య ఆండాళ్ నిరుడు ఆశ్వయుజ బహుళ షష్ఠినాడు పోయింది. ఈ అక్టోబరులో మొదటి తద్దినం. పేజీ గురువారం అంది. సియాటిల్‌లో ఉన్న కొడుకు ప్రణవ్ బుధవారం రాత్రికి చేరేలా టికెట్ బుక్ చేసుకున్నాడు. పురోహితుడు వీరభద్రం గారూ గురువారానికే ఒప్పుకున్నారు.

ఇక్కడ వేసవి నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఒకావిడ ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చిన గోడ క్యాలెండర్ పట్టుకొచ్చి, సైటులో ఏకాదశి ఒక రోజు తేడాగా ఉందని కమిటీ మీటింగ్‌లో పెట్టింది. మామూలుగా ఏ ప్రోగ్రాములోనైనా తేదీ తేడా వస్తే తప్పెక్కడుందో వెతుకుతారు. మనవాళ్ళు వెతకలేదు. స్మార్తులకొకటి, వైష్ణవులకొకటి అని ఒకరన్నారు. ఇండియా తిథి, ఇక్కడి తిథి వేరు కదా అని ఇంకొకరు. మా అత్తగారింట్లో ఎప్పుడూ మర్నాడే ఉండేవాళ్ళని మరొకరు. గంటసేపు సంప్రదాయాల వైవిధ్యం మీద మంచి మంచి మాటలు దొర్లాయి. చివరికి పేజీ అడుగున ఒక వాక్యం చేర్చారు: "తేదీలలో తేడా కనిపిస్తే మీ ఇంటి ఆచారాన్ని అనుసరించండి." అందరూ చప్పట్లు కొట్టారు. మల్లేశ్వరికి లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ కృతిని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాలి, కారు తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

తద్దినానికి రెండు రోజుల ముందు, మంగళవారం లంచ్ టైములో మల్లేశ్వరి ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, కారులో, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సంఘం పని చేస్తోంది. సైటుని నడిపించే సర్వర్ వాళ్ళు పాత వెర్షన్ తీసేస్తున్నామని మెయిల్ పెట్టారు. అందుకని ప్రోగ్రాముని కంటైనర్‌లో సర్దుతోంది. అది డబ్బా లాంటిది. ప్రోగ్రామునీ దానిక్కావలసిన సరంజామానీ అందులో పెట్టి మూత వేస్తే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. సరిగ్గా సర్దుకుందో లేదో చూడ్డానికి దగ్గర్లో పడే తేదీ ఒకటి అడిగింది. దగ్గర్లో పడేది ఆండాళ్ ఆంటీదే.

డబ్బా లోపల: గురువారం.

డబ్బా లేకుండా, అదే లాప్‌టాప్ మీద: బుధవారం.

మళ్ళీ నడిపింది. మళ్ళీ అంతే. ఒకే కోడ్, ఒకే మెషిన్, రెండు తేదీలు. శాండ్‌విచ్ డాష్‌బోర్డ్ మీదే ఉండిపోయింది. డబ్బాలో గడియారం ఎంతయిందో చూసింది. నాలుగు గంటలు ముందుంది. డబ్బాకి ఎవరూ ఏ ఊళ్ళో ఉందో చెప్పలేదు, అది గ్రీన్‌విచ్ టైము పెట్టుకుని కూర్చుంది. అసలు సర్వరూ అంతే. తన లాప్‌టాప్‌కీ, ఫణి బేస్‌మెంట్‌కీ మాత్రం డెట్రాయిట్ టైము.

తప్పున్న లైను దొరకడానికి అట్టే సేపు పట్టలేదు. తను రాసిందే. తద్దినానికి అపరాహ్నవేళ ఏ తిథి ఉందో చూడాలి కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అని రాసింది. ఎవరి ఒంటిగంటన్నరో రాయలేదు.

ఫణికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఏం గాదక్కా, గంత పరేషాన్ ఎందుకు? ఎల్లుండి తద్దినం అయిపోయినంక మెల్లగ సర్వర్ మీదికి డిప్లాయ్ జేద్దాం. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలిసింది కదరా."

"కింద నోట్ పెట్టినం గదా, మీ ఆచారం అని."

"ఆ నోటే మన కొంప ముంచింది."

"అక్కా, ఇంకోటి జెప్తా విను. ఇండియా లెక్కల గురువారమే వస్తది. చెక్ జేసిన ఇప్పుడే. అంటే సర్వర్ తప్పు లెక్క జేసినా జవాబు ఇండియాకి మ్యాచ్ అయింది. సగం మంది ఇండియా తిథే పాటిస్తరు. అంకుల్‌కి చెప్పకపోతే ఆయనకి పోయేదేముంది?"

మల్లేశ్వరి ఫోన్ పెట్టేసింది. ఆ మాట ఎంత హాయిగా ఉందో ఆమెకి తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటే శాండ్‌విచ్ తినేసి లోపలికి వెళ్ళొచ్చు. ఒప్పుకోకపోతే రేపు మధ్యాహ్నానికి సియాటిల్‌లో ఉన్న కొడుకు ఇక్కడుండాలి, పురోహితుడు ఉండాలి, భోక్తలు ఉండాలి. రేపు దాటితే మళ్ళీ ఏడాదికి గానీ ఆ తిథి రాదు, మొదటి తద్దినం అసలే రాదు.

ఆమె మేనేజరుకి ఇంట్లో అర్జెంటు పనని మెసేజ్ పెట్టి, రామమోహనరావు ఇంటికి ఆర్చర్డ్ లేక్ రోడ్ మీదికి కారు తిప్పింది. ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక్కో వాక్యం తయారుచేసుకుంది, ఆకుపచ్చ వెలగగానే అది పనికిరాదనిపించింది.

రామమోహనరావు కిచెన్‌లో ఉన్నారు. కౌంటర్ మీద అరటికాయలు, చేమదుంపలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి.

"ఏమ్మా, ఈ వేళప్పుడు? కూర్చో."

ఆమె కూర్చోలేదు. "అంకుల్, సైటులో తేదీ తప్పు. ఆంటీది గురువారం కాదు. రేపు."

ఆయన చేతిలోని తువ్వాలు మడిచి పక్కన పెట్టారు. "ఏ లెక్కన?"

"ఇక్కడి లెక్కన. ఒంటిగంటన్నరకి ఏ తిథి ఉందో చూడమని రాశాను. ఏ ఊరి ఒంటిగంటన్నరో చెప్పలేదు. సర్వర్ గ్రీన్‌విచ్ది అనుకుంది. అంటే మనకి పొద్దున్న తొమ్మిదిన్నర. రేపు తొమ్మిదిన్నరకి ఇంకా పంచమే. షష్ఠి పదకొండు దాటాక వస్తుంది. మధ్యాహ్నానికి షష్ఠి ఉంటుంది."

"మరి ఇన్నాళ్ళూ సరిగ్గానే చెప్పిందే?"

"ఆ నాలుగు గంటల మధ్యలో తిథి మారితేనే తప్పుతుంది. మిగతా రోజుల్లో రెండు లెక్కలూ ఒకటే చెబుతాయి."

"అప్పుడప్పుడూ పట్టని బ్రేకన్నమాట," అన్నారాయన. "అన్నిటికంటే ప్రమాదం అదే."

ఆయన ఆమె మాట నమ్మలేదు, అలాగని తోసెయ్యనూ లేదు. లోపలికెళ్ళి రాజమండ్రి నుంచి తెప్పించుకునే పంచాంగం, పెన్సిలు తెచ్చుకున్నారు. అందులో పంచమి ఎప్పటిదాకా ఉందో చూసి, ఇండియా టైములోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేసి, కాగితం మీద గీత గీశారు. మల్లేశ్వరి ఫ్రిజ్ దగ్గర్నుంచి సింకు దాకా, సింకు నుంచి ఫ్రిజ్ దాకా తిరుగుతోంది.

"రేపే," అన్నారాయన. తర్వాత, "వేసవిలో ఆ ఏకాదశి గొడవ కూడా ఇదేనా?"

"అదే అయ్యుంటుంది. సూర్యోదయానికీ ఏ ఊరి టైమో రాయలేదు."

"నీకు అప్పుడు అనుమానం రాలేదూ?"

"వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు అంకుల్. నేనూ కొట్టి వెళ్ళిపోయాను."

"పేజీ అడుగున ఆ వాక్యం రాసింది నేను." ఆయన గొంతు పెరిగింది. "బ్రేకు సరిగా పడకపోతే, అది డ్రైవర్ అలవాటు అని రిపోర్టులో రాసిన కుర్రాణ్ణి ఒకణ్ణి నిలబెట్టి కడిగేశాను నేను. వాడి పేరు కూడా గుర్తుంది. ఇంటికొచ్చి నేను చేసిందేమిటి? అదే!"

ఆయన్ని ఓదార్చే స్థితిలో ఆమె లేదు, ఓదార్పు కోరే మనిషి ఆయనా కాదు.

వీరభద్రం గారికి స్పీకర్‌లో ఫోన్ కలిపారు. ఆయన నిదానంగా విని, నవ్వారు. "నేనూ మీ సైటే చూశానండీ, ఏం దాచుకోను. కంగారు పడకండి. ఇండియా తిథి పట్టుకుంటే గురువారమే వస్తుంది. అలా చేసేవాళ్ళు బోలెడుమంది. దోషం ఏమీ లేదు."

"దోషం లేదనీ తెలుసు, సౌకర్యమనీ తెలుసు శాస్త్రిగారూ. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఇక్కడి తిథే. మా నాన్నగారికీ, మా అమ్మకీ అదే చేశాను. ఇప్పుడు టికెట్లు గురువారానికి ఉన్నాయని గడియారం ఇండియాకి మార్చమంటారా?"

"నేనేమీ అనడం లేదండీ. రేపు పొద్దున నాకు కాంటన్‌లో గృహప్రవేశం ఉంది."

"మధ్యాహ్నానికి?"

కాసేపు కాగితాల చప్పుడు. "వస్తాను. భోక్తలని కూడా నేనే తీసుకొస్తాను. అబ్బాయి సంగతి చూసుకోండి."

ప్రణవ్ మీటింగ్‌లో ఉన్నాడు, అయినా ఎత్తాడు. తండ్రి చెప్పింది విని, "వెయిట్, వెయిట్. నాన్నా, సో విచ్ వన్ ఈజ్ రియల్?" అన్నాడు.

"రేపు."

"మల్లి ఆంటీ ఉందా అక్కడ? ఆంటీ, టైమ్ జోన్ సెట్ చేయలేదా మీరు?"

"లేదు నాన్నా," అంది మల్లేశ్వరి.

అటువైపు నవ్వు. "నేను కూడా చేశాను ఆ బగ్. వర్క్‌లో. సరే. రాత్రివి ఫుల్ ఉన్నాయి. మార్నింగ్ ఫస్ట్ ఫ్లైట్ వస్తా. ఒంటిగంట తర్వాత ల్యాండ్ అవుతా. ఓకేనా?"

"లేటైతే?" అన్నారు తండ్రి.

"లేటైతే నువ్వు స్టార్ట్ చెయ్యి నాన్నా."

"నువ్వు రా," అన్నారాయన.

ఆ సాయంత్రమే మల్లేశ్వరి అక్కడే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచింది. దిద్దవలసింది ఒక్క మాట: డెట్రాయిట్. అది చేర్చి లాప్‌టాప్ మీద నడిపింది, బుధవారం. డబ్బాలో నడిపింది, బుధవారం. ఫణి తన బేస్‌మెంట్ కంప్యూటర్ మీద నడిపి "బుధవారమే అక్కా" అని మెసేజ్ పెట్టాడు. అసలు సర్వర్ మీదికి పంపి పేజీ తెరిచింది. బుధవారం. రామమోహనరావు భుజం మీంచి తొంగిచూసి, "ఆ వాక్యం కూడా తీసెయ్," అన్నారు. తీసేసింది. ఇన్నాళ్ళూ ఎవరెవరికి తేదీ తప్పు వెళ్ళిందో కూడా లెక్కకట్టమన్నారు. ఆ జాబితా వచ్చేసరికి ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, ప్రింట్ తీసుకున్నారు.

మర్నాడు ప్రణవ్‌ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి ఆమే బయల్దేరింది. క్యాబ్ ఎక్కుతాడులే అని రఘు అన్నాడు గానీ, ఇంట్లో కూర్చుని ఫ్లైట్ మ్యాప్ చూస్తూ ఉండడం ఆమె వల్ల కాదు. విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా దిగింది. దిగాక గేటు ఖాళీ లేదని రన్‌వే పక్కన నిలబెట్టారు. "వి ఆర్ జస్ట్ సిట్టింగ్" అని ప్రణవ్ మెసేజ్. ఆమె, దిగినవాళ్ళ ఫోన్ వచ్చేదాకా ఆగే పార్కింగ్ లాట్‌లో కారు ఆపి, దిగి, కారు చుట్టూ తిరిగింది. పక్క కారులోని ముసలాయన అద్దం దించి ఏమైనా పోగొట్టుకున్నావా అనడిగాడు. ఇంకా లేదంది.

ప్రణవ్ భుజానికి బ్యాగుతో పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. టూ-సెవెంటీ-ఫైవ్ హైవే మీద లేన్ మారుస్తుంటే అడిగాడు. "ఆంటీ, ఒకటి అడగనా? ఇది అంత మ్యాటర్ అవుతుందా? అమ్మకి?"

"నాకు తెలీదు."

"మరి ఎందుకు ఇంత ఫాస్ట్ డ్రైవ్ చేస్తున్నారు?"

"మీ నాన్నకి ఒక తేదీ చెప్పాను. తప్పు చెప్పాను. అది మీ అమ్మ ఫస్ట్ తద్దినం. ఇంతకంటే నాకేం తెలీదురా."

"ఎగ్జిట్ లెఫ్ట్‌లో వస్తుంది," అన్నాడతను.

వాళ్ళు చేరేసరికి గరాజ్ తలుపు తెరిచే ఉంది. ప్రణవ్ బూట్లు డ్రైవ్‌వేలోనే విప్పి లోపలికి పరిగెత్తి, స్నానం చేసి, తండ్రి అందించిన పంచె తడితడిగా చుట్టుకొచ్చి కూర్చున్నాడు. వీరభద్రం గారు గడియారం చూసి, "వేళ ఉంది," అని సంకల్పం మొదలుపెట్టారు. అమెరికాని చెప్పుకునే క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం, ఆపైన ఇవాళ్టి వారం, ఇవాళ్టి తిథి. ప్రణవ్ ఒక్కొక్క మాటా అమెరికా నాలుకతో తిరిగి పలికాడు.

హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డ ఫణి మల్లేశ్వరి చెవిలో, "చూసినవా అక్కా! ఏ ప్లేస్, ఏ టైమ్, అంతా ముందే డిక్లేర్ జేస్తున్నడు. మన పెద్దోళ్ళు వేల ఏండ్ల కిందనే టైమ్ జోన్..."

"నోర్ముయ్ ఫణీ."

"ఊకే అన్న."

"ఊకే కూడా అనకు."

ఆశ్వయుజ బహుళ షష్ఠి, బుధవారం అని ప్రణవ్ పలికినప్పుడు రామమోహనరావు ఒకసారి తలెత్తి ఆమె వైపు చూసి, మళ్ళీ ముందుకి తిరిగారు. తల్లి పేరు దగ్గర ప్రణవ్ తడబడితే వీరభద్రం గారు ఇంకోసారి నెమ్మదిగా చెప్పించారు. మల్లేశ్వరికి మోకాళ్ళు నొప్పెడుతున్నాయని అప్పుడు తెలిసింది. పొద్దుట్నుంచీ ఎక్కడా కూర్చోలేదు, కారులో తప్ప.

భోక్తలు లేచాక అందరికీ వడ్డించారు. ఆమె ప్లేటు చేత్తో పట్టుకుని గోడవార నిలబడబోతే రామమోహనరావు కుర్చీ లాగారు. ఆజ్ఞలా లాగారు. కూర్చుని గారె తుంచింది.

ఆయన ఇంకా తినలేదు. నిన్నటి ప్రింటు టేబుల్ మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అంకుల్, ఇప్పుడా?" అన్నాడు ఫణి. "మెయిల్ గొట్టుదాం అందరికి. ఫోన్ జేస్తే మంది లొల్లి జేస్తరు."

"చెయ్యనీ. మల్లేశ్వరీ, నువ్వు తేదీలు చదువు. ఫోన్ నేను చేస్తా."

మొదటి పేరు నోవైలో ఉండే ఒకావిడది. పోయిన నెల మామగారి తద్దినం సైటు చెప్పిన రోజునే పెట్టించింది. రామమోహనరావు డొంకతిరుగుడు లేకుండా సంగతి చెప్పారు. అటువైపు గొంతు స్పీకర్ లేకుండానే హాలంతా వినబడింది.

"అంటే మేం పెట్టింది చెల్లదా? అయినా అంకుల్, మా ఇంట్లో ఆచారం ఎలాగూ వేరే కదా, అలా అనుకోవచ్చు కదా?"

"అనుకోకమ్మా. ఆచారం కాదు, తప్పు. మాది."

"అయితే మళ్ళీ పెట్టాలా? ఎప్పుడు పెట్టాలి? మా ఆయనకి ఏమని చెప్పను?"

వీరభద్రం గారు అప్పుడే చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన తగిలించుకుని, మెల్లిగా గరాజ్ తలుపు వైపు జరుగుతున్నారు.

"అది నాకు తెలీదమ్మా," అన్నారు రామమోహనరావు, "తెలిసినాయన ఇక్కడే ఉన్నారు," అంటూ ఫోను చాచి పట్టుకున్నారు.

వీరభద్రం గారు సంచీ దించి, తడిచెయ్యి కండువాకి తుడుచుకుని, ఫోను అందుకున్నారు.